చాక్లెట్ తినేశాక మిగిలేది: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ పేజీలో దీపావళి చాక్లెట్ డబ్బాల గురించి నాలుగు ముక్కలు రాసి, మీ ఇళ్లలో పాత చాక్లెట్ కాగితాలు ఉంటే రాయండి అన్నాను. చెన్నై నుంచి ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి, బెంగళూరు నుంచి కొన్ని. ఒకరిద్దరైతే కాగితాలనే కవర్లో పెట్టి పంపించేశారు. దయచేసి అలా పంపకండి, మీ అమ్మగారి జ్ఞాపకం నా బల్ల మీద టీ కప్పు పక్కన ఉందంటే నాకు నిద్ర పట్టదు. పేర్లు వెయ్యొద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి ఊరి పేరు మాత్రం ఉంచాను. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాను.

ప్రశ్న (పెరంబూరు): మా అత్తగారు పోయాక ఆవిడ ట్రంకుపెట్టె తీస్తే అడుగున ఒక లాంగ్ నోట్‌బుక్ దొరికింది. పేజీకి నాలుగేసి, ఆరేసి చాక్లెట్ కాగితాలు, మైదాపిండి జిగురుతో అతికించినవి. ఎక్కడా తేదీ లేదు. ఒక్క పేజీలో మాత్రం పెన్సిల్‌తో "సంక్రాంతికి, చిన్నాన్న" అని ఉంది. మావారిని అడిగితే ఆయనకేమీ తెలియదన్నారు. ఇవి ఏ కాలంవో ఎలా చెప్పడం? కాగితాల్ని ఊడదీసి మంచి ఆల్బమ్‌లో పెట్టమంటారా?

జవాబు: అమ్మా, ముందుగా ఆ పెన్సిల్ రాతని ఫొటో తీసుకోండి. నోట్‌బుక్ మొత్తంలో ఖరీదైన పేజీ అదే. ఎందుకో చివర్లో చెబుతా.

ఊడదీయొద్దు. మైదా జిగురు పురుగుని పిలుస్తుంది, నిజమే, కానీ ఆవిడ ఏ కాగితం పక్కన ఏది అతికించారన్న వరస కూడా ఒక సాక్ష్యమే. ఒక పేజీలో ఒక్క కాగితం కాలం తేలితే పక్కనున్నవాటి కాలం దాదాపు తేలినట్టే. విడదీశారంటే ఆ దారి మూసుకుపోతుంది.

ఇక కాలం సంగతి. బొమ్మ చూసి, రంగు చూసి చెప్పాలని ప్రయత్నించకండి, నేను చాలాసార్లు బోర్లాపడ్డాను. బొమ్మ ఇరవై ఏళ్లు మారకుండా ఉండొచ్చు. భూతద్దం తెచ్చుకుని కింద మూలన ఉండే చీమతలకాయంత అక్షరాలు చదవండి. కంపెనీవాళ్లు వాటిని ముచ్చటకి మార్చరు, రూలు మారితేనో ఊరి పేరు మారితేనో మారుస్తారు, అందుకే వాటి మాట నమ్మొచ్చు.

చిరునామాతో మొదలుపెట్టండి. మనకి ఆరంకెల పిన్‌కోడ్ వచ్చింది 1972 ఆగస్టు 15న. అంతకు ముందు పెద్ద ఊళ్లకి "మద్రాస్-1", "బొంబాయి-26" లాగా ఊరి పేరు పక్కన ఒకటి రెండు అంకెలే ఉండేవి. బొంబాయి 1995లో ముంబై అయింది, మన మద్రాసు 1996లో చెన్నై అయింది. క్యాడ్‌బరీ పాత ఆఫీసు ముంబైలో భూలాభాయ్ దేశాయ్ రోడ్డులో ఉండేది, పిన్ 400 026. మీ కాగితం మీద అదే రోడ్డు, ఆరంకెల పిన్, కానీ ఊరు మాత్రం "బొంబాయి" అని ఉందనుకోండి, అది 1972కీ 1995కీ మధ్యది. ఒక్క లైను చదివితే రెండు గట్లూ దొరికాయి చూశారా! ఇంగ్లీషులో "బ్యాంగలోర్" పోయి "బెంగళూరు" అనే స్పెల్లింగ్ 2014 నవంబరులో వచ్చింది, హైదరాబాద్ చిరునామా పక్కన ఆంధ్రప్రదేశ్ పోయి తెలంగాణ వచ్చిందీ ఆ ఏడాదే.

తర్వాత ధర. "స్థానిక పన్నులు అదనం" అని ఉంటే పాతది. "అన్ని పన్నులూ కలిపి" అని ఎమ్మార్పీ వెయ్యాలన్న రూలు 1990లో వచ్చింది. ధర ముందు ఆర్, ఎస్ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు కాకుండా ₹ గుర్తు ఉంటే 2010 జులై తర్వాతదే, ఆ గుర్తు పుట్టిందే అప్పుడు. ధర "నయా పైసల్లో" ఉంటే మాత్రం ఎగిరి గంతెయ్యండి, ఆ మాట 1957 నుంచి 1964 దాకానే నడిచింది. శాకాహారం అని చెప్పే చదరంలో పచ్చచుక్క 2001 తర్వాతది. ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే పద్నాలుగు అంకెల లైసెన్స్ నంబరు 2011 రూల్స్ వచ్చాక మొదలైంది.

కంపెనీ పేరు కూడా సాక్షే. పారీస్ చాక్లెట్ల కంపెనీ 2004లో కొరియా వాళ్ల లొట్టే కంపెనీ చేతికి వెళ్లింది. మన చిత్తూరు న్యూట్రిన్ 1952లో మొదలై 2006లో గోద్రెజ్ వాళ్లకి వెళ్లింది, ఆ మరుసటి ఏడాది అమెరికా హెర్షీ వాళ్లు అందులో కలిశారు. క్యాడ్‌బరీ ఇండియా 2014లో మాండెలీజ్ ఇండియా అయింది. సరుకు పుట్టిన ఏడాది తెలిస్తే అదీ పనికొస్తుంది: జెమ్స్ 1968లో వచ్చింది, ఫైవ్‌స్టార్ 1969లో.

ఒక జాగ్రత్త. పేరు మారిన మర్నాటి నుంచే కొత్త కాగితం రాదు. అచ్చేసిన రోల్స్ గోడౌన్‌లో ఉంటే వాటిని పారెయ్యడానికి ఏ కంపెనీకీ మనసొప్పదు, అవి అయ్యేదాకా వాడతారు. కాబట్టి చివర్లో ఒక ఏడాది కలుపుకుని "1972-96 మధ్య" అని రాసుకోండి, "1983" అని తెగేసి రాయకండి. ఇంకో చిక్కు, ఒకప్పుడు రూపాయికి పది వచ్చిన చిన్న బిళ్లల కాగితాల మీద ఇవేవీ ఉండవు, మరీ తక్కువ బరువు ప్యాకెట్లకి చాలా రూల్స్ వర్తించవు. వాటికి పక్క కాగితాలే దిక్కు. వరస చెడగొట్టొద్దని అన్నది ఇందుకే.

ఇప్పుడు ఆ పెన్సిల్ రాత. మీ అత్తగారి నోట్‌బుక్ మొత్తం తిరగేసి చూడండి, పండగ బొమ్మ ఉన్న కాగితం ఒక్కటైనా ఉంటుందా? దీపం, గాలిపటం, రాఖీ, ఏదైనా? నాకు అనుమానమే. నా పెట్టెలో ఉన్న 1990 ముందు మన దేశపు కాగితాల్లో అలాంటిది ఒక్కటీ లేదు. అప్పట్లో కొట్టువాడి సీసాలో ఏడాది పొడుగునా అదే చాక్లెట్, అదే కాగితం. దాన్ని సంక్రాంతి చాక్లెట్‌గా మార్చింది చిన్నాన్న. జెండా వందనం రోజు బడిలో చేతిలో పెట్టిన బిళ్ల కూడా మామూలు బిళ్లే, కానీ అది ఆగస్టు 15 బిళ్ల అని మనకి తెలుసు. కాగితానికి తెలియదు. అందుకే ఆవిడ రాశారు, లేకపోతే ఆ పేజీ ఇవాళ అన్ని పేజీల్లాంటిదే అయ్యేది.

ప్రశ్న (అంబత్తూరు): ఐదేళ్లుగా రాఖీ, దీపావళి, క్రిస్మస్, వాలెంటైన్స్ డే చాక్లెట్ కవర్లు దాస్తున్నాను. ఆఫీసులో అందరి దగ్గరా అడిగి మరీ తెచ్చుకుంటా. మా ఆవిడ మాత్రం "మీలాంటివాళ్లు దాచుకోవాలనే వాళ్లు అలాంటి బొమ్మలు వేస్తారు, ఇదంతా చెత్త" అంటోంది. పండగకో కవరు వెయ్యడం ఇప్పటి మార్కెటింగేనా, పాతరోజుల్లోనూ ఉందా? అన్నీ దాచాలా?

జవాబు: మీ ఆవిడ మొదటి మాట నిజం. రెండో మాట దగ్గరే నేను మీ వైపు.

దాచుకోవాలని వెయ్యడం ఇప్పటిది కాదు. ఇంగ్లండ్‌లో రిచర్డ్ క్యాడ్‌బరీ 1860ల్లోనే చాక్లెట్ పెట్టెల మీద పిల్లల బొమ్మలు, పువ్వులు వేయించాడు. తినేశాక జనం ఆ పెట్టెలో ఉత్తరాలు, రిబ్బన్లు దాచుకునేవారు. వాలెంటైన్స్ రోజుకి గుండె ఆకారం పెట్టె అమ్మడం కూడా అక్కణ్నుంచే మొదలు. అంటే మన అమ్మమ్మలు బిస్కెట్ డబ్బాలో సూదీ దారం పెట్టుకోవడం ఉంది చూశారా, ఆ బుద్ధిని కంపెనీవాళ్లు నూటయాభై ఏళ్ల కిందటే కనిపెట్టేశారు.

కాగితం మీదికి పండగ ఎక్కడం మాత్రం నెమ్మదిగా జరిగింది. అమెరికాలో హెర్షీ వాళ్ల కిసెస్ 1907లో వచ్చాయి, చిన్న గోపురం లాంటి చాక్లెట్, వెండి కాగితం, తర్వాత్తర్వాత పైన తోకలా ఒక కాగితపు పీలిక. యాభై ఏళ్లకి పైగా ఆ కాగితం వెండి రంగే. 1962లో క్రిస్మస్‌కని మొదటిసారి ఎరుపు, ఆకుపచ్చ వేశారు. 1968లో ఈస్టర్‌కి లేత రంగులు, 1986లో వాలెంటైన్స్ డేకి ఎరుపూ వెండీ. అదే చాక్లెట్, రుచిలో తేడా లేదు, రంగు మాత్రం క్యాలెండర్ ప్రకారం మారుతుంది. సేకరించేవాళ్లకి దీన్ని మించిన పాఠం లేదనుకుంటా, ఎందుకంటే ఇక్కడ చాక్లెట్‌ని తీసేస్తే మిగిలేది సీజన్ ఒక్కటే. చిత్తూరు న్యూట్రిన్ వాళ్ల మహాలాక్టో చివరికి చేరింది ఈ హెర్షీ ఇంటికే అని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గమ్మత్తుగా ఉంటుంది.

స్విట్జర్లాండ్ లింట్ వాళ్లు 1952 నుంచి ఈస్టర్‌కి బంగారు కాగితంలో కూర్చున్న కుందేలు చేస్తున్నారు, మెడలో ఎర్ర రిబ్బనూ చిన్న గంటా. ఆ బంగారు రంగు మాదేనని కోర్టుకెక్కితే 2021లో జర్మనీ పెద్ద కోర్టు వాళ్ల వైపే చెప్పింది. అంటే కాగితం రంగు కూడా ఆస్తే. జపాన్‌లో కిట్‌క్యాట్ అన్న పేరు వాళ్ల భాషలో "తప్పక గెలుస్తావ్" అన్నట్టు వినిపిస్తుందట, దాంతో పరీక్షల సీజన్‌లో పిల్లలకి ఇవ్వడం అలవాటైంది. 2019లో అక్కడ బయటి కవరు ప్లాస్టిక్ నుంచి కాగితానికి మార్చి, దాన్నే మడిచి కొంగబొమ్మ చేసుకునే పద్ధతి కూడా చెప్పారు.

మనకి ఈ వరద 1990ల చివర క్యాడ్‌బరీ సెలబ్రేషన్స్ డబ్బాతో వచ్చింది. మిఠాయి డబ్బా స్థానంలో చాక్లెట్ డబ్బా ఇవ్వొచ్చని మనకి అలవాటు చేసింది అదే. రాఖీకో డబ్బా, దీపావళికో డబ్బా. 2019 ఆగస్టు 15కి డార్క్, బ్లెండెడ్, మిల్క్, వైట్ నాలుగూ ఒకే బార్‌లో పెట్టి "యూనిటీ బార్" అని తెచ్చారు. దాని మీద బయటి దేశాల్లో పెద్ద గొడవైంది, ఒంటి రంగుల మధ్య ఐకమత్యం చాక్లెట్‌తో వస్తుందా అని వెక్కిరించారు. ఆ కవరు మీ దగ్గరుంటే జాగ్రత్త. గొడవైన కవర్లని ఎవరూ దాచరు, అందుకే దాచాలి.

అన్నీ దాచకండి. ఒక్కోటి ఒకటి చాలు. కానీ పండగ కవరుతో పాటు అదే ఏడాది మామూలు కవరు కూడా ఒకటి పెట్టండి, అది లేకపోతే పండక్కి ఏం మార్చారో పదేళ్ల తర్వాత మీకే తెలియదు. ఇంకోటి, ఎక్కువమంది చేసే పొరపాటు: తయారీ తేదీ, బ్యాచ్ నంబరు సాధారణంగా కవరు చివర అతుకు దగ్గరో వెనకో చుక్కల చుక్కల అక్షరాలతో కొడతారు, మనం సరిగ్గా ఆ అంచునే చింపి పారేస్తాం. పండగ కవర్ల మీద విడిగా ఏడాది వెయ్యడం అరుదు, అంటే ఆ అంచు పోతే ఏ దీపావళో చెప్పలేం. రెండో వైపు నుంచి కత్తెరతో తెరవండి. ఆ చుక్కల అక్షరాలు వేలితో రుద్దినా చెరిగిపోతాయి, అందుకే అదే రోజు ఒక చీటీ మీద ఎవరిచ్చారు, ఎక్కడ, ఏ పండక్కి అని రాసి కవరు వెనక పెట్టండి. ఐదేళ్లవి ఉన్నాయన్నారు కదా, ఎన్నిటికి చెప్పగలరు ఎవరిచ్చారో? పండగ కంపెనీ వాడే అచ్చేశాడు కదా అని మనం రాయడం మానేశాం. మీ ఆవిడ చెత్త అంటున్నది బహుశా ఇందుకే.

ప్రశ్న (ట్రిప్లికేన్): మీరు పోయిన నెల పారీస్ చాక్లెట్లు పారీస్ కార్నర్‌లోనే తయారయ్యేవని రాశారు. మా నాన్నగారు వింటే నవ్వేవారు. ఫ్యాక్టరీ నెల్లికుప్పంలో కదండీ?

జవాబు: మీ నాన్నగారి నవ్వుకి నేను అర్హుణ్నే. ఫ్యాక్టరీ కడలూరు దగ్గర నెల్లికుప్పంలో, వాళ్ల చక్కెర మిల్లు ఉన్న ఊళ్లో. పారీస్ కార్నర్‌లో ఉన్నది కంపెనీ పాత ఆఫీసు, 1788లో మద్రాసులో వ్యాపారం పెట్టిన థామస్ పారీ పేరే ఆ మలుపుకి నిలిచిపోయింది. కాఫీ బైట్, లాక్టో కింగ్ తింటూ పెరిగిన మనకి పారీ అంటే బస్సు దిగే చోటు, చాక్లెట్ కాగితం రెండూ కలిసిపోయాయి, నా తప్పుకి అదే సంజాయిషీ.

ప్రశ్న (రాయపురం): మా మేనమామ బర్మా బజార్లో కొని తెచ్చిన ఫారిన్ చాక్లెట్ల కాగితాలు ఒక కట్ట ఉంది. సగం భాషలు చదవలేను. ఏ దేశంవో ఎలా?

జవాబు: బార్‌కోడ్ ఉంటే దాని మొదటి అంకెలు చూడండి. 40 నుంచి 44 దాకా జర్మనీ, 50 బ్రిటన్, 76 స్విట్జర్లాండ్, 80 ఇటలీ, 888 సింగపూర్, 955 మలేషియా, 45 గానీ 49 గానీ అయితే జపాన్. మనది 890. అయితే అది కంపెనీ నమోదైన దేశమే తప్ప చాక్లెట్ తయారైన చోటు అని అనుకోకండి. మూడు మూలల టోబ్లరోన్ డబ్బా ఏదైనా ఉంటే పక్కకి తీసి పెట్టండి, 2023లో ఆ డబ్బా మీద మ్యాటర్‌హార్న్ కొండ బొమ్మ తీసేసి మామూలు కొండ వేశారు, తయారీ కొంత స్విట్జర్లాండ్ బయటికి వెళ్లిందని. పాత కొండ ఉన్నది ఇంక రాదు. ఇంతకీ బర్మా బజార్లోనే కొన్నారని మీకు తెలుసు కదా, ఆ మాట కట్ట మీద రాయండి. బర్మా నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్లు బీచ్ స్టేషన్ ఎదురుగా పెట్టుకున్న ఆ కొట్లే ఒకప్పుడు మద్రాసు పిల్లలకి విదేశం.

ప్రశ్న (వేళచ్చేరి): 2023 డిసెంబరు తుపానులో కింది అంతస్తులోకి నీళ్లొచ్చి నా రెండు ఆల్బమ్‌లు తడిశాయి. ప్లాస్టిక్ కవర్లు బాగానే ఉన్నాయి, పాత కాగితాలు ఒకదానికొకటి అతుక్కుపోయి అలాగే ఎండిపోయాయి. వెండి కాగితాల మీద తెల్లటి మచ్చలు. ఏమైనా చెయ్యొచ్చా?

జవాబు: మిచౌంగ్ అప్పుడు మా వెస్ట్ మాంబళంలో కూడా మోకాలి లోతు. మీ బాధ తెలుసు.

పొడిగా ఉన్నప్పుడు లాగొద్దు, పై కాగితం రంగు కింద కాగితానికి అంటుకుని వచ్చేస్తుంది. ఒక పళ్లెంలో శుభ్రమైన చల్లటి నీళ్లు పోసి, ముందు పనికిరాని ముక్క ఒకటి వేసి చూడండి. నీళ్లలోకి రంగు దిగిందా, ఆపెయ్యండి, ఆ కట్టని అలాగే ఉంచుకోవడం మేలు. దిగకపోతే కట్టని నీళ్లలో తేలేసి వాటంతట అవి విడేదాకా ఆగండి, ఓపిక ముఖ్యం. విడినవాటిని పాత నూలు పంచె మీద నీడలో ఆరబెట్టి, తడి పూర్తిగా పోయాక బరువైన పుస్తకం కింద పెట్టండి. బూజు పట్టినవి మాత్రం ముక్కుకి మాస్కు కట్టుకుని డాబా మీద మెత్తటి బ్రష్‌తో దులపండి, గదిలో వద్దు.

వెండి కాగితం మచ్చలు పోవు. అది అల్యూమినియం, ఉప్పు తగిలితే చిన్న చిన్న గుంటలు పడుతుంది. వరద నీటికే కాదు, చెన్నైలో సముద్రం గాలికి కూడా. పడిన మచ్చని రుద్దితే చిల్లు పడుతుంది, ఇకమీద పెరగకుండా చూసుకోవడమే.

మీరు వాడిన ఆల్బమ్ కాగితాలు చేత్తో పట్టుకుంటే జిడ్డుగా, కొత్త రెయిన్‌కోటు వాసన వస్తోందా? అయితే అవి పీవీసీ. నీళ్లు రాకపోయినా ఏళ్ల మీద అవే అచ్చుని పీల్చుకుంటాయి. స్టాంపులు సేకరించేవాళ్లని అడిగితే పాలీప్రొపిలిన్ కవర్లు ఎక్కడ దొరుకుతాయో చెబుతారు. కలరా ఉండలు కవర్లలో వెయ్యొద్దు. గాలి ఆడని స్టీల్ డబ్బా, అందులో మందుసీసాలతో వచ్చే సిలికా జెల్ పొట్లాలు, డబ్బా బీరువా పై అరలో. అటక మీద మాత్రం వద్దు, ఏప్రిల్‌లో అక్కడ వేడికి మైనం పూత కాగితాలు కరిగి అంటుకుంటాయి.

లామినేషన్ జోలికి అసలు పోకండి. ఇది నా ఏడుపు. బాగుంటుంది కదా అని ఒకప్పుడు మా వీధి చివర జిరాక్స్ కొట్లో పన్నెండు కాగితాలు లామినేషన్ చేయించాను, వేడి తగలగానే మైనం కరిగి బొమ్మలన్నీ నూనెలో ముంచిన అప్పడాల్లా అయ్యాయి. కొట్టువాడి తప్పేం లేదు, "సార్, ఇది వద్దు సార్" అని రెండుసార్లు అన్నాడు పాపం.

ప్రశ్న (మడిపాక్కం): మా వాడు దాచిన కవర్లకి చీమలు పడుతున్నాయి. కడగొచ్చా?

జవాబు: ప్లాస్టిక్ కవర్లయితే ఒక చుక్క గిన్నెల సబ్బు వేసిన గోరువెచ్చటి నీళ్లలో ముంచి తీసి ఆరబెట్టండి. చక్కెర ఒట్టి నీళ్లకే పోతుంది గానీ చాక్లెట్‌లోని కొవ్వుకి సబ్బు కావాలి. చుక్కల అక్షరాల మీద రుద్దొద్దు, స్పిరిట్ అసలే వద్దు. కాగితపు కవర్లని కడగకూడదు, పొడి దూదితో తుడిచి ఊరుకోండి. మీ వాడు తిన్న రోజే తుడిచేలా అలవాటు చెయ్యండి, వారం ఆగితే చీమలే తుడుస్తాయి.

ప్రశ్న (కోడంబాకం): నా దగ్గర మూడు వందల కాగితాలున్నాయి. అమ్మితే ఎంతొస్తుంది?

జవాబు: మంచి కాఫీ ఖర్చు రావొచ్చు. ఆన్‌లైన్‌లో ఎవరో ఒక కాగితానికి వేలు అడుగుతున్నారని టెన్షన్ పడకండి, అడిగిన ధర వేరు, కొన్న ధర వేరు.

ప్రశ్న (బెంగళూరు, మారతహళ్లి): మాది చిత్తూరు. మా అమ్మ చిన్నప్పుడు చాక్లెట్ కాగితాలు మెలిపెట్టి గౌను వేసుకున్న బొమ్మల్ని చేసేదట. మా పదేళ్ల అమ్మాయికి అది చూపించబోతే ఇప్పటి కవర్లతో బొమ్మ నిలబడటం లేదు, మెలిపెడితే విప్పుకుపోతోంది. అమ్మ నా పాత సేకరణలోంచి కాగితాలు తీసి మనవరాలికి ఇచ్చేస్తానంటోంది. ఇవ్వనా, ఆపనా?

జవాబు: బొమ్మ నిలబడకపోవడం మీ అమ్మాయి చేతకానితనం కాదని ముందు తనకి చెప్పండి.

అప్పటి బిళ్లలకి రెండు చివర్లా మెలిపెట్టి చుట్టేవారు. అలా చుట్టాలంటే మెలిపెడితే మెలిపెట్టినట్టే ఉండిపోయే సరుకు కావాలి. మైనం కాగితం ఉంటుంది, వెండి కాగితం ఉంటుంది, కళ్లకి అడ్డం పెట్టుకుంటే వీధంతా ఎర్రగా కనిపించే ఆ గాజుకాగితం, సెలోఫేన్, అదీ ఉంటుంది. ఆ గాజుకాగితం నిజానికి ప్లాస్టిక్ కాదు, చెక్క గుజ్జుతో చేసింది. ఇప్పటి కవరు ఎక్కువగా పాలీప్రొపిలిన్, దిండు గలీబులా మూడు వైపులా వేడితో అతికేసినది. మిషన్ మీద చకచకా అవుతుంది, తేమ చేరదు, పురుగు దూరదు. కానీ దానికి మడత గుర్తుండదు, వదిలితే సాగిపోతుంది. లోపల వెండిలా మెరిసేది కూడా చాలాసార్లు వెండి కాగితం కాదు, ప్లాస్టిక్ మీద అల్యూమినియం ఆవిరి పూత. గుప్పిట్లో నలిపి వదలండి. నలిగినట్టే ఉంటే రేకు, మెల్లిగా విచ్చుకుంటే ప్లాస్టిక్. పిల్లలకి ఈ పరీక్ష భలే నచ్చుతుంది, మా మనవడు సూపర్ మార్కెట్లో కొనకముందే నలపబోయి తిట్లు తిన్నాడు.

ఈ మధ్య గాలి కొంచెం వెనక్కి తిరుగుతోంది. ఇంగ్లండ్‌లో 1936 నుంచి క్రిస్మస్‌కి డబ్బాలు డబ్బాలుగా తినే క్వాలిటీ స్ట్రీట్ బిళ్లల్లో చాలావాటికి 2022లో ఆ మెరుపు కాగితాలు తీసేసి మైనం పూసిన కాగితం చుట్టారు, మామూలు కాగితంలా రీసైకిల్ అవ్వాలని. మెరుపు పోయిందని అక్కడివాళ్లు ఒకటే గోల. గల్ఫ్ నుంచో లండన్ నుంచో వచ్చేవాళ్లు ఆ డబ్బా తెస్తే మీ అమ్మాయికి బొమ్మల సరుకు దొరికినట్టే. ఇక్కడే అయితే రేకు చుట్టిన చాక్లెట్లు వెతకండి, గోటితో సాపు చేసి, తెల్లకాగితం పీలిక లోపల పెట్టి మెలిపెడితే నిలబడుతుంది.

మీ అమ్మగారిని ఆపొద్దు, కానీ ఎంచనివ్వండి. ఒకే రకంవి రెండుంటే ఒకటి మనవరాలికి. ఒక్కటే ఉన్నవాటికి రంగు జిరాక్స్ తీయించి ఆ కాగితంతో చేసుకోమనండి, పిల్లలు ఒప్పుకుంటారు, పెద్దవాళ్లే ఒప్పుకోరు. మీ అమ్మగారు పని చేస్తున్నప్పుడు పక్కన కూర్చుని ఏ కాగితం ఏ కొట్లోది, ఎవరు కొనిపెట్టారు అని అడుగుతూ ఉండండి. చేతులు కదులుతుంటే మాటలు వస్తాయి, ఎదురుగా ఫోన్ పెట్టి చెప్పమంటే రావు. బొమ్మ అయ్యాక కింద అట్టముక్క మీద ఏ చాక్లెట్‌తో చేసిందో, ఏ రోజో మీ అమ్మాయి చేతే తెలుగులో రాయించండి. అక్షరదోషాలుంటే దిద్దకండి.